మిస్టర్ అండీ

"ఏనుగు చెవులు ఏవండీ?"

తార్నాకలో, యూనివర్సిటీ గేటు ఎదురుగా ఉన్న నా జిరాక్స్ షాపులో షారోన్ నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. లామినేషన్ చేసిన బొమ్మల కార్డులు కౌంటరు మీద పరిచింది. నిజమే, అంచులు కత్తిరించేటప్పుడు రెండు చెవులూ పోయాయి.

"సైజుకు పట్టలేదు మేడం. చిన్నపిల్లలకే కదా, అడ్జస్ట్ అయితది."

"థాయ్‌లాండ్ పిల్లలకండీ! ఏనుగుల్ని చూస్తూ పెరిగేవాళ్ళు. ఇది చూపించి ఎలిఫెంట్ అంటే నన్నేమనుకుంటారండీ?"

కోపంలో కూడా అన్ని అండీలు పెట్టే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. వాళ్ళది కాకినాడ. వాళ్ళమ్మ సుగుణమ్మగారు టీచరుగా రిటైరై కొత్తగా లాలాపేట్ వచ్చారు. ఆమె బస్సు కండక్టరును కూడా అండీ అంటారు. నేను లాలాపేట్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. మాకు అంత అలవాటు లేదు.

ఏనుగుకు రెట్టింపు చెవులు పెట్టి మళ్ళీ చేసిచ్చాను. చూసి నవ్వింది. వారం తిరక్కుండా థాయ్‌లాండ్ ఉత్తరాన ఒక పల్లెటూరి బడికి, చిన్నపిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి వెళ్ళిపోయింది.

నెల తర్వాత ఫోను.

"మీ ఏనుగు సూపర్ హిట్టండీ. పిల్లలు దాన్ని వదలట్లేదు. ఇంకా కార్డులు తయారు చేసి పంపుతారా?"

ఆమె బొమ్మలు గీసి ఫోటో తీసి పెట్టేది. నేను కంప్యూటర్‌లో సరిచేసి పంపేవాణ్ణి. ఒకరోజు పొద్దున్నే ఏడింటికి వీడియో కాల్ వచ్చింది. అక్కడ ఎనిమిదిన్నర, క్లాసు టైము.

"పిల్లలతో మాట్లాడతారా అండీ?"

"నేనా? నాది ఇంటర్ మేడం. అది గూడ తెలుగు మీడియం."

"వాళ్ళది రెండో క్లాసండీ. భయపడకండి."

ఫోను రోడ్డు వైపు తిప్పాను. ముప్ఫై గొంతులు ఒక్కసారిగా, "వాట్ ఈజ్ దిస్?" అన్నాయి.

"దిస్ ఈజ్ ఆటో."

"యాన్ ఆటో!" అని దిద్దింది ముందు బెంచీలో ప్లోయ్ అనే పాప. అలా వారానికి రెండు రోజులు మా తార్నాక రోడ్డు వాళ్ళకు పాఠమైంది. బస్సు, కొబ్బరిబోండాలు, ముసురు పట్టిన రోజు గొడుగులు. వాళ్ళు నేర్చుకున్నారో లేదో గానీ, నేను నేర్చుకున్నాను.

రెండేళ్ళు గడిచాయి. ఇంటర్ చదివినవాడు ఎమ్మే చదివిన అమ్మాయిని అడగొచ్చా అని ప్రతి ఆదివారం మోకరించి ప్రభువును అడిగేవాణ్ణి. లోకంలో ఇన్ని కష్టాలుండగా ఇలాంటివి వినడానికి ఆయనకు తీరిక ఉంటుందా అన్నది నాకు ఇంకో అనుమానం.

ఈ ఏప్రిల్‌లో సెలవులకు వచ్చింది. ఓ మధ్యాహ్నం మబ్బు పడుతుండగా షాపుకొచ్చి ఒక కాగితం ఇచ్చింది.

"స్కాన్ చేసి పంపాలండీ. ఇవాళే ఆఖరు."

ఇంకో రెండేళ్ళు అదే బళ్ళో పనిచేస్తానన్న ఒప్పందం. చేతిలో కాగితం బరువెక్కినట్టయింది. కింద చూశాను.

"సంతకం లేదు మేడం."

"తెలుసండీ."

అంతలో గాలి, వాన, వెంటనే కరెంటు పోవడం. స్కానర్ మూగబోయింది.

"పదండి, టీ తాగుదాం," అంది.

ఒకే గొడుగులో రోడ్డు దాటి క్యాంపస్ క్యాంటీన్‌కు వెళ్ళాం. గొడుగు చిన్నది. నా ఎడమ భుజం, ఆమె కుడి భుజం తడిశాయి. రేకుల మీద వాన మోగుతోంది. ఆమె సంచిలోంచి ఒక పెద్ద కార్డు తీసింది. రంగు పెన్సిళ్ళతో గీసిన ఏనుగు, చేటలంత చెవులు. కింద ఇంగ్లీషులో, 'టు మిస్టర్ అండీ'.

"ఈ అండీ ఎవరు?"

"మీరేనండీ. ఫోన్లో నేను మాటకోసారి అండీ అంటుంటే, పిల్లలు అదే మీ పేరనుకున్నారు."

"పాపం, యోహాను అన్న నా పేరు ఎవరూ అడగలేదన్నమాట!"

నవ్వింది గానీ, టీ గ్లాసు వైపే చూస్తోంది.

"అది పేరు కాదు, గౌరవమని చెప్పానండీ. ప్లోయ్ ఊరుకోలేదు. ఎవరెవర్ని అలా అంటారు టీచర్ అంది. పెద్దవాళ్ళని, కొత్తవాళ్ళని, భర్తని, అన్నాను. 'హీ ఈజ్ ఓల్డ్?' అంది. కాదు, నా వయసే అన్నాను. 'హీ ఈజ్ న్యూ?' అంది. రెండేళ్ళ పరిచయమన్నాను."

"తర్వాత?"

"ఇంకేమీ అడగలేదు. క్లాసంతా 'ఓ...' అని ఒకటే గోల. మా కాకినాడలో అందరినీ అంటాంగా అని సర్దిచెప్పుకోవచ్చు. కానీ నేను సర్దిచెప్పుకోలేదండీ. వెళ్ళగానే మళ్ళీ అడుగుతుంది. ఏం చెప్పమంటారు?"

రెండేళ్ళుగా నేను జవాబు కోసం ప్రార్థిస్తుంటే, ఇలా ప్రశ్న వచ్చి పడింది.

"మేడం..."

"ముందు ఆ మేడం మానండి."

"షారోన్." మొదటిసారి ఆ పేరు నా నోట పలికింది. "ప్లోయ్‌కు మూడోదే అని చెప్పు. నాకు చదువు తక్కువ. దానికి నువ్వు సరే అంటే."

"మా క్లాసులో రెండేళ్ళు చదివారుగా! ఫెయిలైతే చెప్తాను."

వాన తగ్గుతోంది. ఆమె కాగితం వైపు చూశాను. "సంతకం పెట్టు. గా పిల్లల్ని మధ్యల వదిలితే ఎట్ల?"

ఆమె రెండేళ్ళు అన్నచోట రెండు అంకె కొట్టేసి ఒకటి అని రాసింది. కింద సంతకం పెట్టింది. కరెంటు వచ్చాక నేనే స్కాన్ చేసి పంపాను. ఆ మార్పుకు బడివాళ్ళు సరేనన్నారు.

మర్నాడు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. సుగుణమ్మగారు కళ్ళజోడు సర్దుకుని నన్ను ఎదురుగా కూర్చోబెట్టారు. చదువు సంగతి ఎత్తుతారని తెలుసు.

"ఒక్క ప్రశ్నేనండీ," అన్నారు. "ఎలిఫెంట్‌కు ముందు ఏం రావాలి? ఎ నా, యాన్ నా?"

"యాన్ అండీ," అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసి, మెల్లగా నవ్వి, వంటింటి వైపు తల తిప్పారు.

"షారోనూ, టీ పట్రావే. అబ్బాయికి యానే కాదు, అండీ కూడా వచ్చేసింది."