మెట్ల మీద నిలబడ్డ మనిషి

ఉదయం అందరూ హడావిడిగా బయలుదేరే వేళ, పండు చెప్పుల పట్టీ బిగించుకుంటూ మామూలు మాట చెప్పినట్టే చెప్పింది.

"నిన్నటితో బ్యాంకు మానేశానమ్మా. ఇక పూర్తిగా పెద్దమ్మ దగ్గరే నేర్చుకుంటాను."

తల్లి లెక్కల టీచరు. దిద్దుతున్న పేపరు మీద ఎర్రపెన్ను ఆగిపోయింది. సెలవు రోజుల్లో సరదాకు వెళుతోంది కదా అని ఇన్నాళ్ళూ ఊరుకుంది.

"గోడలకు ఫొటోలు తీస్తావా? అదీ నలుపు తెలుపుల్లో. ఉన్న రంగులు పోగొట్టడానికా నిన్నింత చదివించాం?"

"నన్నింకా కెమెరా ముట్టుకోనివ్వలేదు. ముందు చూడమంటోంది. ఒకే గోడని పొద్దునా, సాయంత్రమూ. నలుపంటే అంతా ఒకటే అనుకున్నాను. కిటికీలో నలుపు వేరు, చూరు కింద నలుపు వేరు. అది కంటికి ఆనిన రోజు ఏడుపొచ్చిందమ్మా."

"నాకిప్పుడొస్తోంది," అంది తల్లి.

తండ్రి దగ్గి, సంచి అందుకుని బయలుదేరాడు. ఆ ఇంట్లో పెద్దమ్మ ప్రస్తావన వస్తే ఆయన నోరు మెదపడు.

పెద్దమ్మ అంటే తల్లికి తోడబుట్టిన అక్క. పాత కట్టడాల ఫొటోలు తీయడంలో పేరు మోసిన మనిషి. పెళ్ళి వద్దు, ఈ పనే కావాలని ఆమె ఇల్లు విడిచిన రోజున, "గడప దాటితే మళ్ళీ నా ముఖం చూడకు," అంది వాళ్ళమ్మ. అలాగే అయింది. అమ్మ మంచం పడితే చాకిరీ అంతా చెల్లెలే చేసింది. అక్క వచ్చేసరికి ఆ మంచం ఖాళీ అయిపోయింది. అప్పటి నుంచీ ఇద్దరి మధ్యా పొడిపొడి మాటలే.

ఆ రోజు తల్లి బడికి సెలవు పెట్టి, అక్క ఫొటో తీస్తున్న పాత గ్రంథాలయానికి వెళ్ళింది. జనం మెట్లెక్కి దిగుతున్న ఆ భవనం ఎదుట స్టాండు మీద కెమెరా ఉంది. పక్కన అక్క, పండు. తల్లి నేరుగా వెళ్ళి మొదటి మెట్టెక్కి, చేతిసంచి గుండెలకు హత్తుకుని, కెమెరాకు ఎదురుగా నిలబడింది.

"అమ్మా, పక్కకి రా. షట్టర్ తెరిచి ఉంది, ఫొటో పడుతోంది," అంది పండు.

"ఉండనీ. పాడైతే పాడవనీ."

అక్క వారించలేదు.

"నా కూతుర్ని కూడా నీలాగే చేస్తావా అక్కా? అయినవాళ్ళు పోతుంటే నీడల కోసం కాచుకుని కూర్చునే మనిషిని చేస్తావా? అమ్మ చివరిదాకా అడుగుతూనే ఉంది. 'పెద్దది వచ్చిందా, పెద్దది వచ్చిందా' అని. తలుపు చప్పుడైతే చాలు, అటే చూసేది. ఆ చూపు నువ్వు చూడలేదు. నేను చూశాను."

అక్క మెల్లగా వంగి షట్టర్ మూసింది.

"పండూ, ఇంటికెళ్ళు. మీ అమ్మ పంపిస్తేనే రా," అని, కెమెరా సర్దుకుని వెళ్ళిపోయింది.

గెలిచినట్టే అనిపించింది తల్లికి. కానీ ఇంట్లో పండు ఎదురు చెప్పలేదు, అలగలేదు. పిలిస్తే పలికేది, పెట్టింది తినేది. ఆ అణకువే తల్లికి ఊపిరాడకుండా చేసింది. వారం తిరగకుండానే తనంతట తానే అక్క ఇంటికి బయలుదేరింది.

ఒంటరి మనిషి గది. కొత్తగా కడిగిన ఫొటో ఒకటి తీగ మీద ఆరుతోంది. గ్రంథాలయం, స్తంభాలు, మెట్లు. అన్ని మెట్ల మీదా ఒకే ఒక్క మనిషి.

"ఆ రోజు అంతమంది ఎక్కారు, దిగారు. వాళ్ళేరి?" అంది చెల్లెలు.

"షట్టర్ చాలాసేపు తెరిచి ఉంచాను. నడిచేవాళ్ళు పడరు. కదలకుండా నిలబడ్డదానివి నువ్వే."

చెల్లెలు దగ్గరికి వెళ్ళి చూసింది. మాట్లాడుతూ ఉండటం వల్ల ముఖం చెదిరింది. కానీ ఆ వంగిన భుజాలు, సంచిని హత్తుకున్న ఆ చేతులు...

"అమ్మ," అంది అప్రయత్నంగా.

"అవును. కడుగుతుంటే నాకూ అలాగే కనబడింది. ఇన్ని గోడలు తీశాను గానీ, నా దగ్గర అమ్మ ఫొటో ఒక్కటీ లేదు." అక్క చెల్లెలి వైపు తిరిగింది. "చెల్లీ, అమ్మ నిజంగా నా గురించి అడిగిందా?"

"అడిగింది."

"ఇప్పటిదాకా అమ్మకు నామీద కోపం పోలేదనే అనుకున్నాను. అందుకే రావడానికి భయపడి, చివరికి ఆలస్యం చేశాను. నువ్వా మాట అప్పుడే ఎందుకు చెప్పలేదే?"

'చెబితే బాధపడతావని' అనబోయింది చెల్లెలు. అది అబద్ధమని నోటిదాకా వచ్చాక తెలిసింది. ఊరట కలిగించే మాటను ఇన్నేళ్ళూ శిక్షగా దాచింది. పైగా దాన్నే రాయిలా విసిరింది.

"నిన్ను ఏడిపించాలనే దాచానక్కా," అంది. కన్నీళ్ళు ఆగలేదు. "చేసిందంతా నేను, అడిగింది నిన్ను. అది ఓర్చుకోలేకపోయాను."

అక్క ఆమె తలను భుజానికి ఆనించుకుంది. తర్వాత చెల్లెలు కొంగుతో ముఖం తుడుచుకుంది.

"రేపట్నుంచి పండుని పంపిస్తాను. బాగా నేర్పించు. దాని కళ్ళలోనూ నీ పిచ్చే ఉంది."

"నేర్పిస్తాను," అని అక్క కుర్చీ ఆమెకు దగ్గరగా జరుపుకుంది. "ముందు నువ్వు నాకు చెప్పు. అమ్మ ఇంకేమంది? మొదటి నుంచీ చెప్పు."

చెల్లెలు చెప్పడం మొదలుపెట్టింది.