రెండు లోపు తోక

పంజాగుట్ట నర్సింగ్‌హోమ్‌లో జ్వరం తగ్గాలని వేసిన ఇంజెక్షన్ ఏజెంట్ కమాల్ ప్రాణం తీసింది. పొద్దున అతని జనాజా మోసిన ఏజెంట్ అజీమ్, మధ్యాహ్నానికి అమీర్‌పేటలో ఒక జావా కోచింగ్ సెంటర్ మెట్లెక్కాడు. ఏడుపు రాలేదు. కోపమైనా రాలేదు. ఒళ్లంతా మొద్దుబారిపోయింది.

"కొత్త బ్యాచ్ ఉందా సార్?"

"సీట్లు నిండాయి" అన్నాడు చీఫ్ రాఘవయ్య. కోడ్ కలిసింది. వెనకగది తలుపు తెరుచుకుంది.

"ఆ మందులో విదేశీ ముఠా విషం కలుపుతోందని అనుమానం. మిగతా సరుకు సాయంత్రం లారీలో ఆసుపత్రులకు బయల్దేరుతుంది. ఆ మందును పరీక్షించే ల్యాబ్‌లో మన మనిషి మంజూష గారేమో అంతా క్లీన్ అంటున్నారు. రుజువు లేనిదే లారీని ఆపలేమయ్యా."

అజీమ్ సర్వీస్ ఇంజనీర్ వేషంలో పంజాగుట్ట ల్యాబ్‌లో దిగాడు. షిఫాన్ చీర, ఖరీదైన సెంటు, తీయని నవ్వు. మంజూష, మందులోని పదార్థాలను విడదీసే హెచ్‌పీఎల్‌సీ మెషిన్ గీసిన గ్రాఫ్ చూపించింది. ఒక్కో పదార్థానికి శిఖరంలా ఒక్కో పీక్. అసలు మందు పీక్ మాత్రం కుడివైపు కాస్త తోక సాగింది.

"టెయిలింగ్ ఒకటి పాయింట్ ఎనిమిది. రెండు లోపుంటే పాసే కదండీ!"

నిజమే. రెండు లోపు తోకను ఏ ల్యాబ్‌లోనూ ఎవరూ పట్టించుకోరు. ముఠాకు ఆ సంగతి బాగా తెలుసు.

"మందును విడదీసే గొట్టం, కాలమ్, కొత్తదే మేడమ్. పక్క పీక్ సాఫ్‌గనే ఉంది. గిదొక్కటే ఎందుకు తోక గుంజుతున్నది?"

మంజూష నవ్వు ఆగింది. లారీని తొందరపెట్టడానికి పక్కగదిలోని ఫోన్ దగ్గరికి పరుగెత్తింది. అజీమ్ జేబులోంచి పెన్ను తీశాడు. అందులో ఉన్నది సిరా కాదు, ఒకే పీక్‌లో కలిసిపోయిన పదార్థాలను విడగొట్టే యాసిడ్. ద్రావకంలో కొన్ని చుక్కలు కలిపి, కాలమ్ సర్దుకున్నాక శాంపిల్ ఎక్కించాడు.

"మెషిన్ ఆపండి!" వెనక మంజూష. చేతిలో పిస్తోలు.

"కాల్చండి మేడమ్."

భయం వేయలేదు. అతని కళ్లు స్క్రీన్ మీదే ఉన్నాయి. పీక్ నిటారుగా దిగింది. తోక ఉన్నచోట ఇంకో చిన్న పీక్ లేచింది, దాక్కున్న విషానిది. చొక్కా గుండీలోని కెమెరా ఆ బొమ్మను అమీర్‌పేటకు పంపేసింది. గోదాం గేటు దాటబోతున్న లారీ ఆగింది. ట్రిగ్గర్ మీద వేలు బిగిసేలోగా తలుపు బద్దలై, రాఘవయ్య తన మనుషులతో లోపలికి దూసుకొచ్చాడు.

మంజూషకు బేడీలు పడ్డాయి. అజీమ్ ఆ చిన్న పీక్‌నే చూస్తూ నిలబడ్డాడు. ఇంతేనా? ఇంత చిన్నదేనా? అప్పుడు తడిశాయి కళ్లు.

"ఏంటయ్యా, ఆవిడిచ్చిన పాత రిపోర్టు దొంగదేనా?" అడిగాడు రాఘవయ్య.

"కాదు సార్, అసలుదే. రూల్ ప్రకారం కమాల్ భాయ్‌ని చంపిన మందు సుత పాసే."