నాలుగో ఛాంబర్‌లో తెల్ల స్విచ్

ముందు మీరేం చూశారో చెప్పండి. నరసరావుపేట రోడ్డు మీది ఆ కోల్డ్ స్టోరేజీలో నాలుగో ఛాంబర్ తలుపు తీసిన రోజు మీలో చాలామంది అక్కడే ఉన్నారు. ముక్కులకు తువ్వాళ్లు అడ్డం పెట్టుకుని తొంగి చూశారు. తలుపు పక్కన, లోపలి గోడకు, తెల్ల స్విచ్ ఉందా లేదా? పోలీసులు అడిగితే అందరూ నేలచూపులు చూశారు. నేనైతే చెబుతాను. నాకిప్పుడు భయపడాల్సిన షావుకారు లేడు.

నా పేరు జక్రయ్య. కుర్రతనంలో మిర్చి టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, మోశాను, తర్వాత ఎలక్ట్రీషియన్‌నయ్యాను. రెండు వేల ఆరు మే నెలలో ఆ కోల్డ్ స్టోరేజీకి దొంగల అలారం పెట్టడానికి పిలిచారు. అప్పుడే కొత్తగా వచ్చిన పెట్టె అది. లోపల సెల్‌ఫోన్ సిమ్ ఉంటుంది. ఛాంబర్‌లో ఏదైనా కదిలితే మనం ఎక్కించిన నంబర్లకు వరసగా ఫోన్ చేస్తుంది. ఎత్తితే లోపలి చప్పుడు వినిపిస్తుంది.

"నాలుగో దాంట్లో మైకు గట్టిది పెట్టు జక్రయ్యా," అన్నాడు షావుకారు లక్ష్మీకాంత్. "టిక్కీల చాటున ఈ కూలోళ్లు ఏం గొణుక్కుంటున్నారో నాకు తెలియాలి."

మైకుకు తీగ లాగాలి. చలి బయటికి పోకుండా కట్టిన మందపు గోడ అది, కన్నం పెడితే షావుకారు ఊరుకోడు. పాత తీగ ఒకటి ఛాంబర్ నుంచి ఆఫీసు గది దాకా ఉండనే ఉంది. దానికే మైకు కలిపేశాను. పనివాడి బుద్ధి... ఉన్న తీగను వదలబుద్ధి కాదు.

ఆ తీగ ఏమిటో చెప్పాలి. ఎవరైనా లోపల చిక్కుకుపోతే నొక్కడానికి ఒకప్పుడు అక్కడ బెల్లు స్విచ్ ఉండేది. మిర్చి ఘాటుకు ఊపిరాడక ఆడకూలీలు మాటిమాటికీ నొక్కుతున్నారని, ఈ పెట్టె రావడానికి మూడేళ్ల ముందు, షావుకారు మండిపడ్డాడు.

"బెల్లు కొట్టగానే బయటికి రావడానికి ఇదేమన్నా బడా? పీకెయ్!"

పీకేశాను. ఈ చేతులతోనే. నోరెత్తలేదు.

నెల తిరగలేదు. మా పేటలో ఉండే ఎలీసమ్మ శనివారం సాయంత్రం టిక్కీల వెనక ఇంకా ఊడుస్తూనే ఉంది. ఐదు కొట్టగానే గడియ వెయ్యాలని షావుకారు హుకుం. వేసేశారు. ఆదివారం చర్చిలో ఆమె కూర్చునే చోటు ఖాళీగా ఉంది. నేను చూశాను. ఊరెళ్లిందేమో అనుకుని పాట అందుకున్నాను. సోమవారం తలుపు తీస్తే, స్విచ్ పీకిన చోట రెండు కన్నాలున్నాయి చూడండి, ఆ కన్నాల మీద వేలు పెట్టి బిగుసుకుపోయి ఉంది.

ఆమే దొంగతనానికి దాక్కుందని పోలీసులతో రాయించాడు షావుకారు.

సరే. పెట్టె బిగించాను. పరీక్ష కోసం మొదట నా నంబరే ఎక్కించుకోవడం నా అలవాటు. మిట్టమధ్యాహ్నం. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. కూలీలంతా గేటు దగ్గర అన్నాలు తింటున్నారు. ఆఫీసులో నేనూ షావుకారూ తప్ప ఎవరూ లేరు.

జేబులో ఫోన్ మోగింది. పెట్టె మీద నాలుగో దీపం ఎర్రగా వెలుగుతోంది.

ఎత్తాను. మిషన్ల హోరు. ఆ హోరు వెనక సన్నటి దగ్గు. తర్వాత...

"అన్నా... నొక్కుతున్నాను... మోగట్లేదా?"

ఆ గొంతు నాకు తెలుసు.

"ఏమయ్యా, బిగుసుకుపోయావు?" షావుకారు నవ్వాడు. "ఎలక పారినా ఫోన్ చేస్తుందా నీ డబ్బా?"

"లోపల ఎవరో ఉన్నారండీ."

"ఎవడాడు? చీరేస్తాను!" టార్చి తీసుకుని లేచాడు.

నేను ఆపలేదు. ఆపగలిగేవాణ్ణి. ఆ గొంతు ఎవరిదో ఒక్క మాట చెబితే ఆగిపోయేవాడు. ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చున్నాను.

చెప్పుల చప్పుడు విన్నాను. "ఎవరే నువ్వు?" అనడం విన్నాను. తలుపు ధన్‌మని పడింది. కరెంటు పోయింది. మిషన్లు ఆగాయి. బ్యాటరీ ఉంది కాబట్టి పెట్టె మాత్రం ఆగలేదు.

"జక్రయ్యా! తలుపు తియ్యి! జక్రయ్యా..."

ఆ వెంటనే ఇంకో చప్పుడు.

టక్... టక్... టక్...

స్విచ్ నొక్కుతున్న చప్పుడు. ఆ గోడకు స్విచ్ లేదు. నేనే పీకాను.

పరుగెత్తాను. గడియ బయటి నుంచి వేసి ఉంది. చుట్టూ ఎవరూ లేరు. గడియ పట్టుకున్నాను. మే నెల ఎండలో ఆ ఇనుము మంచులా ఉంది. చేతిలోని ఫోన్‌లోంచి, చెవికి పెట్టుకోకుండానే, వినబడింది.

"తొందరేముందన్నా... ఆదివారం కూడా పోనీ."

నా చెయ్యి గడియ మీదే ఉంది. లాగానో లేదో... దేవుడికే తెలియాలి. గేటు దగ్గరి నుంచి మీరంతా వచ్చేసరికి అరగంట అయింది. అరచేతి తోలు ఊడి గడియకు అంటుకుంది. ఆ మచ్చ ఇంకా ఉంది.

షావుకారు తలుపు పక్కనే నిలబడి ఉన్నాడు. కనుబొమ్మల మీద మంచు. బొటనవేలు గోడకు నొక్కిపెట్టి ఉంది. రెండు రోజులు చలిలో ఉన్న ఒళ్లు అన్నాడు డాక్టరు. అరగంట ముందు నాతో నవ్విన మనిషి! ఆ వేలి కింద తెల్ల స్విచ్ నేను చూశాను. రెండు కన్నాలు తప్ప ఏమీ లేవని పోలీసులు రాసుకున్నారు. మీరు నోరు మెదపలేదు. నేను మెదపనట్టే.

పెట్టె విప్పేశాను. సిమ్ విరిచేశాను. ఇంట్లో ఒక్కణ్ణే ఉంటున్నాను. నిన్న మధ్యాహ్నం కునుకు పట్టి లేచేసరికి గదంతా మిర్చి ఘాటు. మంచం పక్కన గోడకు తెల్ల స్విచ్. దానికి తీగ లేదు.

ఇవాళ శనివారం. గోడ గడియారం ఐదు కొట్టింది. ఇప్పుడే మా ఇంటి తలుపుకు బయటి నుంచి గడియ పడిన చప్పుడైంది.

చెప్పండి. నేను దీన్ని నొక్కితే ఎవరికి వినబడుతుంది?