చీకటి హోటల్‌కి వెళ్ళిన టాప్ టెన్ గారు

ఆ దీవిలో సముద్రం ఒడ్డు రోడ్డు చివర ఒక హోటలుంది. ఉందంటే... గోడలున్నాయి. చీకటి పడ్డాక అటు పోనిమ్మంటే ఏ డ్రైవరూ పోనివ్వడు. మా మావయ్య అక్కడే ఇరవై ఏళ్ళుగా వ్యాన్ నడుపుతున్నాడు. డాన్సు క్లబ్బులకి, పడవ షికార్లకి, తాగి నడవలేనివాళ్ళని మోసుకుంటూ వాళ్ళ గదులకి... ఎక్కడికైనా సరే అంటాడు. ఆ హోటల్ మాటెత్తితే మాత్రం బ్రేకు మీద కాలేస్తాడు.

ఎందుకంటే అక్కడ ముఖాలు కనిపిస్తాయట. ముఖాలే. ఒళ్ళుండదు. నీలంగా, పాలిపోయి, మూసిన కిటికీల చుట్టూ మెల్లగా తిరుగుతుంటాయట. చేపలు పట్టేవాళ్ళు పడవల్లోంచి చాలాసార్లు చూశారు. చూసినవాళ్ళెవరూ దగ్గరికి వెళ్ళలేదు.

హోటలాయన పోయి అయిదేళ్ళు. పొయ్యి దగ్గరే గుండె పట్టుకుని కూలిపోయాడు. ఆయన భార్య తలుపులకి తాళం వేసి, దీవికి అవతలివైపు కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. అమ్మేద్దామని చూస్తే కొనేవాడు లేడు. దెయ్యాల కొంపని ఎవరు కొంటారు?

ఇక మావయ్య చెప్పిన సంగతి.

ఒక సాయంత్రం పడవ దిగి ఒకాయన వ్యాన్ ఎక్కాడు. తలమీద గడ్డి టోపీ, నల్ల కళ్ళద్దాలు, చొక్కా నిండా కొబ్బరిచెట్ల బొమ్మలు. ప్రయాణాల పత్రికకి రాస్తాడట. దీవిలో తప్పక చేయాల్సిన పది పనులు, తప్పక తినాల్సిన పది చోట్లు... ఏది రాసినా పదే. మావయ్య అక్కడికక్కడే ఆయనకి టాప్ టెన్ గారని పేరు పెట్టేసుకున్నాడు.

"తరచూ వస్తుంటారా సార్?"

"నాకిది సొంతిల్లులాంటిది," అన్నాడు టాప్ టెన్ గారు, కెరటం చప్పుడుకి ఉలిక్కిపడి.

మర్నాడు పడవ షికారులో ముందు తిన్నదంతా కక్కాడు. తర్వాత నిజం కక్కాడు. సముద్రం చూడటం ఆయనకదే మొదటిసారి. మూడేళ్ళుగా రాసిందంతా తన గదిలో ఫ్యాను కింద కూర్చుని, ఇంకెవరో రాసినవి అటు తిప్పి ఇటు తిప్పి రాసిందే. ఇప్పుడు ఆఫీసుకి ఫిర్యాదులొస్తున్నాయి. రాసిన పది చోట్లకీ వెళ్ళి ఫోటోలు తెస్తేనే ఉద్యోగం అన్నాడట ఎడిటర్.

చీకటి పడేసరికి తొమ్మిది చోట్లయ్యాయి. పదోది ఆ హోటల్.

"అది మూతపడి చాలాకాలమైంది సార్," అన్నాడు మావయ్య. "పైగా... అటు మంచిది కాదు. రాత్రిపూట అసలు కాదు."

"బోర్డు ఫోటో చాలు. తెల్లారితే నా పడవ." గొంతు తగ్గించాడు. "ఇద్దరు పిల్లలయ్యా నాకు."

ఆ మాటకి మావయ్య కాదనలేకపోయాడు. వ్యాన్ దూరంగా ఆపాడు. అందులో ఒక్కడూ కూర్చోవడం ఇంకా భయమని, టార్చి పట్టుకుని ఆయన వెనకాలే నడిచాడు. టార్చి వెలిగించలేదు. వెలిగిస్తే ఏం కనపడుతుందోనని.

క్లబ్బుల పాటలు వెనక సన్నగిల్లాయి... ఆగిపోయాయి. కాళ్ళకింద ఇసక చప్పుడు తప్ప ఏమీ లేదు.

గోడ మలుపు తిరిగారు.

నాలుగు ముఖాలు. నీలంగా. గాల్లో.

రెండు పెద్దవి, రెండు చిన్నవి. చిన్నవాటిలో ఒకటి నోరు తెరిచింది.

"ఆకలి..."

"ఇక్కడే..." అని ఒక పెద్ద ముఖం గుసగుసలాడింది. "ఇక్కడే ఉండాలి... ఇక్కడే..."

టాప్ టెన్ గారు మావయ్య చెయ్యి పట్టుకున్నాడు. ఆ గోళ్ళ గాట్లు వారందాకా మానలేదట. అప్పుడే... అయిదేళ్ళుగా తాళం పడున్న తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. లోపలి చీకట్లో తెల్లటి జుట్టు. ఒక గొంతు, మెల్లగా, అలిసిపోయినట్టు —

"ఎంతమంది?"

టాప్ టెన్ గారు ఇసకలో కూలబడ్డాడు. మావయ్యకి వేళ్ళు బిగుసుకుపోయి టార్చి వెలిగింది.

ఆ వెలుగులో ముఖాలకి ఒళ్ళొచ్చింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. ఎవరి చేతిలో వాళ్ళ సెల్‌ఫోను, ఎవరి ముఖం మీద వాళ్ళ ఫోను వెలుతురు. గుమ్మంలో హోటలాయన భార్య.

"అక్కా... నువ్వా?" అన్నాడు మావయ్య.

"నేనే తమ్ముడూ. ఈ దెయ్యాల సంగతేంటో తేల్చుకుందామని మూడు రాత్రులుగా చీకట్లో కూర్చున్నాను. తేలింది. రాత్రికి పదేసి కుటుంబాలు వస్తున్నాయి, భోజనానికి. మీరెవరూ వ్యాన్లు తీసుకురారుగా, ఇసకలో పడి నడిచొస్తున్నారు. మా ఆయన పోయి అయిదేళ్ళయింది బాబూ అని ప్రతివాళ్ళకీ చెప్తున్నాను. రాత్రికి పదిసార్లు ఆ మాట నా నోటితో..."



పిల్లల తండ్రికి కోపమొచ్చింది. "అదెలా అమ్మా? ఇది రాసింది పోయినేడు. వినండి." ఫోను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చదివాడు. "'యజమాని స్వయంగా నా టేబుల్ దగ్గరికొచ్చాడు. భుజం మీద చెయ్యేసి, ఇంకో చేప ముక్క తినమని బలవంతం చేశాడు. ఆ నవ్వు ఎప్పటికీ మర్చిపోలేను.'"

దీవి మొత్తం మీద దెయ్యాన్ని అంత దగ్గర్నుంచి చూసినవాడు ఒక్కడే ఉన్నాడన్నమాట, అనుకున్నాడట మావయ్య.

చిన్నపిల్ల ఫోనులో బొమ్మనీ, ఇసకలో ఉన్న మనిషినీ మార్చి మార్చి చూసింది. "నాన్నా, రాసింది ఈయనే."

"అది... చదివేవాళ్ళ కోసం... కాస్త..." టాప్ టెన్ గారు మిగతాది మింగేశాడు.

ఆవిడ తిట్టలేదు. ఫోను అడిగి తీసుకుంది. చెయ్యి చాపి దూరంగా పట్టుకుని, ఆ నాలుగు ముక్కలూ రెండుసార్లు చదువుకుంది. మెట్లు దిగొచ్చి ఆయన ఎదురుగా ఇసకలో కూర్చుంది.

"చెప్పు బాబూ," అంది మెల్లగా. "పోయినేడు మా ఆయన ఎలా ఉన్నాడు? చిక్కిపోయాడా?"