ముప్ఫై ఒకటో పేజీలో కాటుక చుక్క

అద్దె పుస్తకాలు చదివిన వాళ్ళకి ఈ అలవాటు తెలిసే ఉంటుంది. వారానికి నాలుగు నవలలు చదివేస్తుంటే ఏది చదివామో, ఏది చదవలేదో గుర్తుండదు. అందుకని ఒక్కొక్కరూ ఒక పేజీ ఎంచుకుని, చదివిన ప్రతి పుస్తకంలోనూ ఆ పేజీ మీద ఓ గుర్తు పెట్టుకునేవారు. పూర్ణామార్కెట్ దగ్గర తాతబాబు నడిపే లైబ్రరీలో ఏ పుస్తకం తిప్పినా టిక్కులూ, సున్నాలూ కనిపించేవి. నా భార్య కామేశ్వరిది ముప్ఫై ఒకటో పేజీ. కంటి కాటుక వేలికి తీసుకుని కింద మూలన చుక్క పెట్టేది. చుక్క పడిన పుస్తకాన్ని మళ్ళీ ముట్టుకునేది కాదు.

"ఎంత బాగున్నా అంతే బావా. అయిపోయిందంటే అయిపోయిందే" అనేది.

ఆవిడకి కావలసిన పుస్తకాలు దొరకడమే పెద్ద తంటా. వేరే లోకాలు కావాలి, నక్షత్రాల మీదికి వెళ్ళినవాళ్ళు కావాలి, కాలంలో దారి తప్పినవాళ్ళు కావాలి. అవి పెద్దవాళ్ళ కోసం రాసినవై ఉండాలి. తాతబాబు తల పట్టుకునేవాడు.

"ఏటమ్మా, పెళ్ళయినదానివి. ఇంకా ఈ మాయలేటి? శుభ్రంగా కుటుంబం నవల తీసుకో."

"కుటుంబం ఇంట్లో ఉంది కదా తాతబాబుగారూ. పుస్తకంలో కూడా అదేనా?"

నేను సైకిలు పట్టుకుని బయట నిలబడి నవ్వుకునేవాణ్ణి. పోర్టులో క్రేన్ నడిపే నాకు పుస్తకాల గొడవ పట్టేది కాదు. ఆవిడ సంతోషం మాత్రం కావాలి.

చివరికి తాతబాబే ఓ రోజు ఓ కట్ట తెచ్చిచ్చాడు. ఎప్పుడో మూతపడ్డ వారపత్రికలోంచి ఎవరో సీరియల్ కాయితాలు కత్తిరించి, దారంతో కుట్టి, అట్ట వేసుకున్నారు. రెండు సూర్యుళ్ళున్న లోకానికి వెళ్ళిన ఒక ఇల్లాలి కథ. ఇంటి దగ్గర మొగుడు రోజూ తలుపు వంక చూస్తూ ఉంటాడు. కామేశ్వరి దాన్ని రెండు రోజులు ఊపిరి బిగపట్టి చదివింది. తీరా చూస్తే ఆఖరి మూడు వారాల కాయితాలు లేవు.

చుక్క పెట్టలేదు. "అయిపోలేదు కదా" అంది.

ఆ ఏడాదే, ఎనభై ఒకటిలో, రక్తంలో జబ్బని చెప్పారు డాక్టర్లు. మంచం మీంచి లేవలేని రోజుల్లో ఆవిడ నన్ను అడిగింది ఆ మూడు వారాల కాయితాలే. తిరగని పాత కాయితాల కొట్టు లేదు. ఎలమంచిలి దాకా వెళ్ళాను. పకోడీ పొట్లాలు విప్పి కూడా చూశాను. దొరకలేదు.

ఒక మధ్యాహ్నం వార్డులో అబద్ధం ఆడేశాను. దొరికిందన్నాను. కొట్టువాడు ఇవ్వనంటే అక్కడే నిలబడి చదివేశానన్నాను.

"వొచ్చిందా బావా ఆవిడ?"

"వచ్చింది. తలుపు కొట్టింది. వాళ్ళాయన తీశాడు."

కామేశ్వరి చాలాసేపు నా మొహం చూసింది. "అయితే దారుందన్నమాట" అంది మెల్లగా. "నానూ వొత్తాను బావా. నువ్వు కూడా తలుపు తియ్యాలి మరి." తల ఊపాను. ఎవరైనా ఊపుతారు. మూడో రోజున వెళ్ళిపోయింది.

తరవాతి వేసవిలో తాతబాబు పిలిచాడు. వాల్తేరులో ఎవరిదో పాత సామాను కొంటే అందులో ఆ వారపత్రికలున్నాయట. "ఆ తల్లికి అందలేదు. నువ్వైనా ఉంచుకో" అని మూడు వారాలవీ నా చేతిలో పెట్టాడు.

నాకప్పుడు రాత్రి డ్యూటీలు. పొద్దున్న కంచరపాలెంలో ఇంటికొచ్చి, తలుపు గొళ్ళెం పెట్టి, కిటికీలు మూసి పడుకునేవాణ్ణి. పగలే నాకు రాత్రి. ఆ రోజు నిద్ర పట్టక ఆ కాయితాలు చదవడం మొదలుపెట్టాను.

కథలో ఆ ఇల్లాలు రాలేదు. తలుపు కొట్టి పిలిచింది ఆవిడ గొంతే, కానీ ఆవిడ కాదు. ఆ గొంతు తొడుక్కుని మరేదో వచ్చింది. మొగుడు తలుపు తీశాడు. మర్నాడు ఇంట్లో ఎవరూ లేరు. కథ అంతే.

కామేశ్వరికి చెప్పిన అబద్ధం తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. మధ్యాహ్నం పన్నెండు దాటి ఉంటుంది. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. వీధిలో పిల్లల అరుపులు కూడా ఆగాయి. గదిలో సన్నగా వాసన... ఆముదం దీపం మసి వాసన. కామేశ్వరి కాటుక ఇంట్లోనే చేసుకునేది. ఆ వాసన నాకు తెలుసు.

తలుపు మీద చప్పుడు. మూడు సార్లు, వేళ్ళతో.

"బావా..."

చేతిలో కాయితం కింద పెట్టాను.

"నానే. తియ్యి."

లేచి వెళ్ళాను. చెయ్యి గొళ్ళెం మీద పెట్టాను. ఇనుము మంచులా ఉంది. మే నెలలో... చెయ్యి తీసేశాను.

"ఏటి బావా, తియ్యవా? ఎంత దూరం నడిసొచ్చాననుకున్నావు..."

వెనక్కి తిరిగి తలుపుకి వీపు ఆనించి కింద కూలబడ్డాను. తలుపు కింది సందులోంచి వేడి గాలి రావాలి. చల్లగా వస్తోంది.

"నువ్వే కదా సెప్పావు. ఆయన తలుపు తీసేడని... దాన్నే నమ్ముకుని వొచ్చాను."

నోట్లో చొక్కా చేతి అంచు కుక్కుకున్నాను. ఏడుపు వినపడకూడదని. ఆవిడైతే ఎలా తియ్యకుండా ఉండను? కాకపోతే... కాయితాలు నేల మీద పరిచి ఉన్నాయి. ఆ ఆఖరి వాక్యం నాకు కనిపిస్తూనే ఉంది. నేనంత పిరికివాణ్ణని నాకే తెలీదు.

తరవాత నా వీపు వెనక, సరిగ్గా నా చెవి ఎత్తులో, గుసగుస. తనూ అవతల కూర్చున్నట్టుంది.

"సరేలే. పడుకో బావా... మళ్ళీ డ్యూటీకెళ్ళాల కదా."

అదొక్కటీ ఏ కాయితంలోనూ లేదు. అది కామేశ్వరి మాట. నాలుగేళ్ళు రోజూ విన్న మాట. గొళ్ళెం లాగి తలుపు బార్లా తీశాను.

గుమ్మంలో ఎండ. ఎవరూ లేరు. వీధి చివరిదాకా పరిగెత్తాను, పేరు పెట్టి అరిచాను. కిళ్ళీ కొట్టు నూకాలమ్మ వింతగా చూసింది. ఇంటికొచ్చి కుట్టిన పుస్తకం తీసి ముప్ఫై ఒకటో పేజీ చూశాను. ఖాళీగా ఉంది. కాస్త ఊపిరి వచ్చింది. అంటే ఇంకా అయిపోలేదు. మళ్ళీ వస్తుంది.

సాయంత్రం గడప మీద లోపలికి తిరిగి కూర్చుని ఉంటే, పక్కింటి సన్యాసిరాజు నీళ్ళ బిందెతో వాళ్ళింటికి వెళ్తూ నా వెనక ఆగాడు. అతనూ పోర్టులోనే చేస్తాడు.

"ఏటి బావా, సొక్కా ఎనకాల ఆ మరకేటి? ఓరు దుమ్మా?"

ఓరంటే పోర్టులో ఓడలకెక్కించే ఇనుప ఖనిజం, దాని దుమ్ము ఎర్రగా ఉంటుంది. అది అతనికీ తెలుసు, నాకూ తెలుసు. చొక్కా విప్పాను. వీపు మధ్యన, తలుపుకి ఆనించి కూర్చున్న చోట, వేలి కొసంత నల్లటి చుక్క. మూసిన తలుపు అది. రెండంగుళాల టేకు చెక్క. ఎక్కడా చిల్లు లేదు. చుక్క పడినదాన్ని ఆవిడ మళ్ళీ ముట్టుకోదు.

ఆ రోజు నుంచి గొళ్ళెం పెట్టడం మానేశాను. మూడేళ్ళయింది. ఎవరూ తలుపు కొట్టలేదు. చొక్కా ఉతకలేదు, పెట్టెలో పెట్టి ఉంచాను. అప్పుడప్పుడూ తీసి చూస్తాను. ఇవాళ కూడా ఆ చుక్క మీద వేలు పెడితే, తడిగా, కాటుక అంటుకుంది.