రష్యా తాబేలు మాయం

తొమ్మిది టన్నుల ఇనప బండి. ఆరు చక్రాలు. ముందునుంచి చూస్తే లారీ, వెనకనుంచి చూస్తే పడవ. అలాంటిది పట్టపగలు షెడ్డులోంచి మాయమైపోయింది. అదేమన్నా సూదా, జేబులో వేసుకుపోవడానికి!

2009 అక్టోబరు 5, సోమవారం. మధ్యాహ్నం 2.20.

ఎస్.ఐ. రామతులసి యనమలకుదురు కరకట్ట మీద జీపు దిగింది. సన్నటి వాన. కింద కృష్ణ ఎర్రగా, అవతలి ఒడ్డు కంటికి ఆనకుండా పారుతోంది. బ్యారేజి గేట్లన్నీ పొద్దున్నే ఎత్తేశారు.

ఏటి నడుమ తాటిలంక. లంకలో స్కూలు. ఆ స్కూలు స్లాబు మీద ఇరవై ఎనిమిది మంది. నాటు పడవలు ఆ వడికి నిలవవు. హెలికాప్టర్లు కర్నూలు వైపు ఉన్నాయట. జిల్లాలో ఆ వరదను దాటగల బండి ఒక్కటే, యాసిన్ మెకానిక్ దగ్గరున్న రష్యా తాబేలు. దాన్ని రెండింటికల్లా పంపమని పదకొండున్నరకే తహసీల్దారు ఆర్డరిచ్చాడు.

1.55కి చూస్తే షెడ్డు ఖాళీ.

"దొంగ తెలివైనోడండి, మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ బసవపున్నయ్య. "రోడ్డెక్కితే చెక్‌పోస్టులో దొరుకుతానని ఏట్లోకే దింపేశాడు. జాడ చూడండి."

నిజమే. షెడ్డు వెనక గుమ్మంలోంచి ఆరు చక్రాల జాడ, బురదలో జానెడు లోతున, తిన్నగా నీళ్ళలోకి పోయింది.

రామతులసి షెడ్డులోకి వెళ్ళింది. బరువులెత్తే చైన్ బ్లాకు, పాత టైర్లు, నూనె మరకలు. గోడకి ఉర్దూ క్యాలెండరు. పక్కన మేకుకి ఒక తీగ. తీగకి మూడు ఇత్తడి ప్లగ్గులు, ఒక్కోటి టీ గ్లాసంత, తోమిన చెంబుల్లా మెరుస్తున్నాయి. ఓ మూల ముగ్గురు మనుషులు.

"పేర్లు చెప్పండి. గబగబా."

యాసిన్, యాభై ఎనిమిదేళ్ళు, బండి ఓనరు. 1996లో మిలిటరీ డిస్పోజల్ వేలంలో తుక్కు కింద కొన్నాడు. ఇంజను మీది రష్యా అక్షరం ఒక్కటీ చదవడం రాదు. ఆటోనగర్ లేత్ షాపుల చుట్టూ తిరిగి ఒక్కో సామానూ చేయించి, ఏడేళ్ళకు నీళ్ళలో తేల్చాడు. ఊరంతా వెర్రివాడన్నారు. తేలాక వాళ్ళే పిల్లల్ని ఎక్కించి ఫొటోలు తీయించుకున్నారు.

హేమసుందర్, బండిని అద్దెకి తిప్పే మేనేజరు. సినిమా షూటింగులు, కాలవ మీద పెళ్ళి ఊరేగింపులు. రెండు సెల్‌ఫోన్లు.

కాశీరావు, డ్రైవరు. తాటిలంక చేపలవాళ్ళ కుర్రాడు. చేతిలోని ఫోను వంకే చూస్తున్నాడు. అతని పెళ్ళాం కొండలమ్మ, రెండేళ్ళ కూతురు ఆ స్లాబు మీదే ఉన్నారు.

"హేమసుందర్ గారూ, బండి పంపనన్నారట?"

"అయ్యో, అనలేదు మేడమ్! ఎల్లుండి షూటింగ్ ఉంది, జాగ్రత్తగా తెమ్మన్నాను. అంతే."

"ఒంటి గంటకి ఎక్కడున్నారు?"

"తహసీల్దార్ ఆఫీసులో. పన్నెండున్నర నుంచి 1.50 దాకా. క్లర్కుని అడగండి."

బసవపున్నయ్య ఫోను చేశాడు. నిజమే.

"కాశీరావ్, నువ్వు?"

"డీజిలుకెళ్ళానండి. క్యూ ఉంది. ఇదిగో బిల్లు."

బిల్లు మీద టైము 1.22. బంకు ఆరు కిలోమీటర్లు.

"యాసిన్ గారూ?"

"నమాజుకి వెళ్ళానమ్మా. 1.05కి వెళ్ళి 1.50కి వచ్చాను."

"ఎవరైనా చూశారా?"

"వానగదమ్మా. జనం పలచగా ఉన్నారు."

"తాళాలెన్ని?"

"రెండు. ఒకటి కాశీ దగ్గర. నాది... ఎక్కడో పడిపోయినట్టుంది."

తెల్లగడ్డంలోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు. పదమూడేళ్ళ కష్టం పోయిన మనిషి అలాగే ఉంటాడులే అనుకుంది రామతులసి.

"కాశీరావ్, కొత్తవాడెవడైనా ఆ బండిని నీళ్ళలో నడపగలడా?"

"దింపడం దింపొచ్చండి. ప్లగ్గులు బిగించకపోతే రేవు దాటకుండానే మునిగిపోద్ది. అడుగున మూడు బెజ్జాలుంటాయండి, లోపల చేరిన నీళ్ళు కారిపోవడానికి. గట్టెక్కగానే ప్లగ్గులూడదీసి మేక్కి తగిలించాలి, అది భాయ్ రూలు. మేకు ఖాళీగా ఉందంటే బండి నీళ్ళలో ఉందని లెక్క. నన్ను చేర్చుకున్న రోజున మొట్టమొదట నేర్పింది అదేనండి..."

ఫోను మోగింది. 2.45.

"ఏమయ్యా, బయల్దేరారా?" కొండలమ్మ గొంతు అందరికీ వినిపించింది. "పదో మెట్టు మునిగింది. మొత్తం పదహారే. పాప నీళ్ళంటే చప్పట్లు కొడతాంది. అమలమ్మత్త అటుకులు పంచతాంది. వస్తన్నారా?"

"వస్తన్నామే. దారిలోనే ఉన్నాం. పాపని గట్టిగా పట్టుకో."

ఫోను పెట్టేసి కాశీరావు నేల మీద కూలబడ్డాడు. నోట్లో పైపంచె కుక్కుకుని ఏడ్చాడు. యాసిన్ అటు చూడలేక గోడవైపు తిరిగాడు.

రామతులసి వెనక గుమ్మంలోంచి ఏటిగట్టుకి దిగింది. చక్రాల జాడ పక్కన గొంతుకూర్చుంది. ఒకే జాడ. కాని అంచులు రెండు వరసలు. మొదటి అంచుకి రెండు వేళ్ళ దూరంలో ఇంకోటి.

"బసవపున్నయ్యా, వెదురు గెడ తెప్పించు. ఈ రేవంతా పొడిచి చూడు."

"ఎందుకండీ? బండి ఈపాటికి బందరు దాటుంటది."

"పొడవమన్నానా?"

పొడిచాడు. పన్నెండు గజాల మేర నాలుగడుగుల లోతు. గట్టి నేల. ఇనుము ఎక్కడా తగల్లేదు.

3.10. కొండలమ్మ మళ్ళీ ఫోను చేసింది. పదకొండో మెట్టు. ఆ మాట అనగానే ఫోను ఆగిపోయింది. ఛార్జింగ్ అయిపోయినట్టుంది. కాశీరావు ఎన్నిసార్లు చేసినా కలవలేదు.

రామతులసి ముగ్గుర్నీ మేకు ముందు నిలబెట్టింది.

"వినండి. బండి ఏట్లోకి పోలేదు."

"జాడ ఉంది కదా మేడమ్!" అన్నాడు హేమసుందర్.

"జాడనే చూస్తూ కూర్చున్నాం, అదే మన తప్పు. బండి సంగతి తెలియనివాడు దింపితే, ప్లగ్గులు లేక ఇక్కడే మునగాలి. రేవంతా పొడిచాం, లేదు. తెలిసినవాడు తీసుకుపోతే ప్లగ్గులు పట్టుకుపోవాలి. అవి ఎక్కడున్నాయి?"

ముగ్గురూ మేకు వైపు చూశారు. అప్పటిదాకా అందరి కళ్ళముందే ఉన్నాయి.

కాశీరావు నోరు తెరిచాడు. చిత్రం, ఇంతకుముందే ఆ రూలు తన నోటితో చెప్పాడు.

"తెలిసినవాడే చేశాడు. నీళ్ళ అంచుదాకా తీసుకెళ్ళాడు. అదే జాడలో రివర్సు చేశాడు. ముందు గుమ్మంలోంచి తారురోడ్డెక్కాడు. రోడ్డు మీది బురదని వాన కడిగేసింది. దూరం పోయి ఉండడు. ముప్పావు గంటలో నడిచి తిరిగి రావాలి."

"మరి అంత తెలివైనోడు ప్లగ్గులు కూడా దాచెయ్యొచ్చు కదా?" అన్నాడు బసవపున్నయ్య.

"దాచాలి. చెయ్యి రాలేదు. ఆరేళ్ళుగా ఆ ప్లగ్గులు మేకు మీంచి తీస్తే నీళ్ళలోకి వెళ్ళడానికే. బండి గట్టున ఉండగా మేకు ఖాళీ చెయ్యడం ఆయన చేతికి అలవాటు లేదు. నాతో అబద్ధమాడాడు. మేకుతో ఆడలేకపోయాడు." ఆమె గొంతు తగ్గింది. "కాశీరావ్ బంకులో ఉన్నాడు. యాసిన్ గారూ, బండి ఎక్కడుంది?"

ముసలాయన అప్పుడు గడ్డం తుడుచుకున్నాడు.

"మూసేసిన రైసు మిల్లులో ఉందమ్మా," అన్నాడు యాసిన్.

కాశీరావు ఒక్క గెంతు గెంతి అతని చొక్కా పట్టుకున్నాడు. "భాయ్! నా పెళ్ళాం, నా బిడ్డ ఉన్నారక్కడ! నీ చేత్తో అన్నం తిన్నాను గదా భాయ్!"

"అందుకే దాచానురా!" ముసలాయన కేక పెట్టాడు. "అడుగు కుళ్ళిపోయిందిరా కాశీ! ఇంజను కింద మందం రేకు దొరక్క డ్రమ్ము రేకు కొట్టాను. తారు పూసి రంగేశాను. ఏటికేడు మారుద్దామనుకున్నా. కాలవలో, పెళ్ళిళ్ళకి, ఏం కాలేదు. పోయిన నెల చూస్తే బొటనవేలు దిగిపోతోంది. ఈ వరదలో, అంతమందితో, నడి ఏట్లో విడిపోద్ది."

"మరి జూన్‌లో వరద పనికి ఫిట్ అని సర్టిఫికెట్టు రాసిచ్చారుగా?" అంది రామతులసి.

"గవర్నమెంటు నా బండిని అడగడం అదే మొదటిసారమ్మా. వెర్రివాడన్న ఊళ్ళో... అడుగున డ్రమ్ము రేకుందని చెప్పడానికి నోరు రాలేదు. సంతకం పెట్టేశాను."

"నాకన్నా చెప్పాలి గదా భాయ్?"

"చెప్తే ఆగేవాడివా?"

కాశీరావు చొక్కా వదిలేశాడు. "ఆగేవాణ్ణి కాదు."

రామతులసికి ఒళ్ళు మండిపోయింది. అరవడానికి కూడా టైము లేదు.

"అడుగు విడిపోయినా మునక్కుండా ఉండాలంటే ఏం చెయ్యాలి? ఎవరైనా చెప్పండి!"

కాశీరావు పక్క షెడ్డు వైపు చూశాడు. అది చేపల ప్యాకింగ్ షెడ్డు. బయట వానలో నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు, చేపపిల్లలు తోలేవి, వరసగా పేర్చి ఉన్నాయి.

"ఖాళీ డ్రమ్ములకి మూతలు బిగించి లోపలంతా కుక్కుదామండి. అడుగు పోయినా అవి తేలుస్తాయి. జనం తక్కువ పడతారు. రెండు ట్రిప్పులెయ్యాలి."

"ఎంతసేపు?"

"మా వాళ్ళని పిలిస్తే ముప్పావుగంట."

"పదకొండున్నరకే నిజం చెప్పుంటే," అంది రామతులసి యాసిన్ వంక చూసి, "రెండింటికల్లా ఇది అయిపోయేది."

యాసిన్ మేకు మీంచి ప్లగ్గులు తీసుకున్నాడు.

4.10కి తాబేలు నీళ్ళలో దిగింది. స్టీరింగు దగ్గర కాశీరావు. అడుగున డ్రమ్ముల సందులో, కుళ్ళిన రేకు మీద గోనెసంచులు అదిమిపట్టి యాసిన్. వద్దన్నా వినలేదు.

4.45కి లంక. స్లాబు మీదికి పాదం మునిగేంత నీళ్ళొచ్చేశాయి. కొండలమ్మ పాపని చీరకొంగుతో పొట్టకి కట్టుకుని ఉంది. మొదటి ట్రిప్పుకి పద్నాలుగు మంది. కొండలమ్మ ఎక్కలేదు, పసిపిల్లలందర్నీ ముందు పంపింది, తన బిడ్డతో సహా.

రెండో ట్రిప్పు 5.40కి బయల్దేరింది. తిరిగొస్తుంటే, గట్టు ఇంకా ఇరవై గజాలుందనగా అడుగు రేకు విడిపోయింది. డ్రమ్ములు నిలబెట్టాయి. చేపల షెడ్డువాళ్ళు తాళ్ళు విసిరి ఒక్కొక్కర్నీ లాగారు. కాశీరావు పెళ్ళాన్ని భుజాన వేసుకుని ఈదాడు. చివర యాసిన్ని లాగారు. బండికి కట్టిన తాడు తెగింది. తాబేలు పక్కకి ఒరిగి ఎర్రనీళ్ళలో కొట్టుకుపోయింది.

రామతులసి తలలు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై ఏడు.

"అమలమ్మత్తండి," అంది కొండలమ్మ. "స్కూల్లో అన్నం వండే ఆవిడ. పిల్లల్ని నడిమికి తోసి అంచున నిలబడిందండి. కాలు జారింది."

"ఎప్పుడు?"

"టైమేం తెలుసండీ. మీరు రావడానికి గంట ముందు."

యాసిన్ బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎవరూ లేవదీయలేదు.

శుక్రవారం ఉదయం 9.30. వరద తీసింది. రామతులసి ఫైలు తీసుకుని షెడ్డుకి వచ్చింది. తప్పుడు సర్టిఫికెట్టు, సహాయానికి అడ్డుపడటం. యాసిన్ స్టేట్‌మెంటు తనే చెప్పి రాయించాడు. చివర అమలమ్మ పేరు కూడా రాయమన్నాడు.

"అది సెక్షన్లో లేదు, యాసిన్ గారూ."

"నాకుందమ్మా. రాయండి."

సంతకం పెట్టాడు. చొక్కా మార్చుకుని జీపు వైపు కదిలాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూశాడు. మేకు ఖాళీగా ఉంది. నాలుగు రోజులుగా ఆ మేక్కి హేమసుందర్ని టవలు కూడా తగిలించనివ్వలేదు.

అప్పుడొచ్చాడు కాశీరావు. సోమవారం నుంచి యాసిన్‌తో ఒక్క మాట మాట్లాడలేదు. మోకాళ్ళదాకా ఇసక. ఎవరి మొహమూ చూడకుండా తిన్నగా గోడ దగ్గరికి వెళ్ళాడు. జేబులోంచి మూడు ఇత్తడి ప్లగ్గులు తీశాడు. తీగకి గుచ్చి మేక్కి తగిలించాడు.

"దొరికిందా?" అన్నాడు యాసిన్.

"తోట్లవల్లూరు దిగువన, ఇసకలో పక్కకి పడుంది. లేపాలి." కాశీరావు ఇంకా గోడవైపే తిరిగి ఉన్నాడు. "అమలమ్మత్తని నేను మర్చిపోను భాయ్. నువ్వూ మర్చిపోకు."

"మర్చిపోనురా."

"వెళ్ళిరా మరి. నువ్వొచ్చేలోపు మందం రేకు చూసి ఉంచుతాను."