బంగారానికి బొట్టు

అచ్చాయమ్మ ఇంట్లో తెల్లారేసరికి కుండ ఎక్కాలి. నలభై ఏళ్ళుగా అదే వరస. ఎండు కొబ్బరాకు మంట మీద బోర్లించిన కుండ, పక్కన గిన్నెలో పల్చటి వరిపిండి నీళ్ళు, చేతిలో తడి గుడ్డ. గుడ్డ ఒక్కసారి కుండ మీద జారిందంటే ఉల్లిపొర లాంటి రేకు లేచి వస్తుంది. ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఇళ్ళకి కరువు లేదు. అయినా అచ్చాయమ్మ చేతి రేకులోంచి చూస్తే అవతలి మనిషి ముఖం కనిపిస్తుందని చెప్పుకుంటారు.

ఆ గురువారం మాత్రం మంట ఆలస్యంగా లేచింది. కోడలు నాగదుర్గ కాఫీ కలుపుతూ అది చూసింది గానీ ఆలోచించలేదు. ఆమె తల నిండా ఎనభై క్యాసెట్లున్నాయి.

క్యాసెట్లంటే పాటలవి కావు. టీవీ గేమ్ క్యాసెట్లు. ముప్పై ఏళ్ళ కిందట పిల్లలు టీవీకి తగిలించుకుని ఆడిన ఆ పాత యంత్రాలను పారేయకుండా దాచుకున్నవాళ్ళు దేశమంతా ఉన్నారు. వాళ్ళ కోసం ఇప్పటికీ కొత్త ఆటలు రాసేవాళ్ళూ ఉన్నారు. ఆట కంప్యూటర్లో ఉంటే సరిపోదు, ఆ పాత యంత్రంలోకి వెళ్ళాలంటే క్యాసెట్ కావాలి. అది చేసేది దుర్గ. చిప్‌లోకి ఆట ఎక్కిస్తుంది, చిప్‌ను బోర్డుకి సోల్డరింగ్ చేస్తుంది, బోర్డును ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి రెండు స్క్రూలు బిగిస్తుంది, పైన బొమ్మ అంటిస్తుంది. రాజమండ్రిలో టీవీ రిపేరు కొట్టు నడిపిన నాన్న చిట్టియ్య పక్కన కూర్చుని పదేళ్ళకే సోల్డరింగ్ పట్టిన చెయ్యి అది.

మగవాడు స్క్రూడ్రైవర్ పట్టుకుంటే మెకానిక్ అంటారు. పెళ్ళైన ఆడది పట్టుకుంటే తీరిక ఎక్కువైందంటారు. ఇదీ మన ఇళ్ళలో ఉన్న తెలివి. రేకుల కోసం ఎవరు వచ్చి కోడలేదని అడిగినా అచ్చాయమ్మ ఒకటే జవాబు చెప్పేది, పైన ఆడుకుంటోందండీ అని. పొద్దుటినుంచి మెడ వంచి పనిచేసిన మనిషికి ఆ ఒక్క మాట చాలు, అన్నం సయించకపోవడానికి. మూడేళ్ళుగా దుర్గ ఆ మాట వింటోంది. భర్త ఉదయభాస్కర్ మండపేటలో రైస్ మిల్లు గుమస్తా, మంచివాడే. గొడవ వచ్చినప్పుడల్లా సెల్‌ఫోన్లో ఏదో వెతుక్కునే రకం మంచివాడు.

దసరా దగ్గర పడుతోంది. రేకుల పెట్టెలకి దుర్గ పనిచేసుకునే పై గది కావాలని అచ్చాయమ్మ అడిగింది. కుదరదంది దుర్గ. నెల రోజులు వాదించుకుని చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. మైసూరు అన్నదమ్ములు రాసిన కొత్త ఆట ఎనభై క్యాసెట్లు దుర్గకి వచ్చిన మొదటి పెద్ద పని. శనివారం బెంగళూరులో పాత యంత్రాల అభిమానులంతా కలుస్తున్నారు. ఈ ఎనభై సరిగ్గా అక్కడికి చేరితే గది దుర్గది. తేడా వస్తే గది పెట్టెలది, దుర్గ ఊళ్ళో కాన్వెంటులో టీచరు పనికి వెళ్ళాలి. మధ్యాహ్నం రావులపాలెంలో పార్సిల్ బస్సుకి అందివ్వడానికి భాస్కర్ ఆ గురువారం సెలవు పెట్టాడు.

ముందురోజు సాయంత్రమే ఎనభై క్యాసెట్లూ ఒక్కొక్కటే యంత్రంలో పెట్టి చూసింది దుర్గ. అన్నీ ఆడాయి. అయినా ప్యాక్ చేసేముందు మళ్ళీ నాలుగు చూడటం నాన్న నేర్పిన అలవాటు. మొదటిది పెట్టింది. టీవీ బూడిద రంగులో ఉండిపోయింది. తీసి మళ్ళీ పెట్టింది. అడ్డగీతలు వచ్చాయి. రెండోదీ అంతే. ఆరు పెట్టినా ఒక్కటీ ఆడలేదు. అప్పుడు చూసింది, క్యాసెట్లున్న ట్రే కిటికీ పక్కన ఉంది. తను పెట్టింది బల్ల మధ్యలో.

మెట్లు దిగి వచ్చేసరికి అత్తగారు కుండ ముందు కూర్చుని ఉంది. భాస్కర్ అరుగు మీద అట్టపెట్టెకి తాడు చూసుకుంటున్నాడు.

"అత్తయ్యా, పైన నా ట్రే ముట్టుకున్నారా?"

అచ్చాయమ్మ గుడ్డ కింద పెట్టింది. "ముట్టుకున్నాను."

దాచనైనా దాచలేదు. దుర్గకి అదే ఇంకా మండింది.

"గది కావాలంటే తీసుకోవాల్సిందండీ. నా పని పాడుచేసి తీసుకోవడం ఏంటి? ఒక్కటీ ఆడట్లేదు. మీక్కావాల్సింది అదేగా."

"దుర్గా, ఏంటా మాటలు," అన్నాడు భాస్కర్.

"మీరు ఊరుకోండి. మూడేళ్ళు ఊరుకున్నారుగా, ఇంకో గంట ఊరుకోండి."

అతను తాడు వైపు చూడసాగాడు. దుర్గ అత్త వైపు తిరిగింది. మూడేళ్ళుగా మింగిందంతా బయటికొచ్చింది. ఆడుకోవడం అన్న మాట, కాన్వెంటు, వచ్చినవాళ్ళ ముందు నవ్వడం, అన్నీ అనేసింది. చివరికి అసలు చోటుకి వచ్చింది.

"పెళ్ళైన కొత్తలో నేను తడి చేత్తో రేకుల దొంతర ముట్టుకున్నానని నాలుగు రోజులు తిట్టారు మీరు. వీధంతా విన్నారు. మీదైతే పని, నాదైతే ఆటా?"

అచ్చాయమ్మ నోరు లేని మనిషేం కాదు, తిట్టడం మొదలెడితే సంతలో కూడా ఎదురు నిలవలేరు. ఆ మనిషి మెల్లిగా కుడిచెయ్యి చాపి చూపించింది. ఉంగరపు వేలు కొసన పసుపు ఎండిపోయి ఉంది.

"పాడుచెయ్యలేదమ్మా. బొట్టు పెట్టాను."

"బొట్టేంటి?"

"నువ్వేగా చెప్పావు, ఆ అంచు బంగారమని. మొన్న నువ్వు ఒకటి కిందికి తెచ్చినప్పుడు చెయ్యి పెట్టబోతే, ముట్టుకోకండి, బంగారం పూత అన్నావు. నీ చేత్తో చేసిన బంగారం గడప దాటుతుంటే ఉత్తినే పంపుతామా? పసుపు తడిపి ఒక్కోదానికీ పెట్టాను. ఎనభైకీ."

క్యాసెట్ అడుగున యంత్రంలో దిగే అంచుకి పల్చటి బంగారు పూత ఉంటుంది. కరెంటు దాటేది అక్కడే. పసుపు పొర పట్టిందంటే దాటదు. ఆ బంగారం మీద ఈ పసుపు కంటికి ఆనలేదు.

"కుంకం పెట్టలేదు," అంది అచ్చాయమ్మ. "ఎర్రగా కనపడుద్దిగా. పసుపైతే ఆ రంగులో కలిసిపోద్ది. చూస్తే నువ్వు నవ్వుకుంటావని."

దుర్గ మెట్టు మీద కూర్చుంది. మోకాళ్ళ నొప్పులతో నెలకోసారి కూడా మేడ ఎక్కని మనిషి తెల్లవారుజామున గిన్నె పట్టుకుని ఎక్కింది. ఎనభై సార్లు వంగింది. కుండ ఆలస్యం చేసుకుంది. ఎవరికీ కనపడకూడదనుకుంది. వెక్కిరించే మనిషి చేసే పని కాదది. ఈ మనిషి మీద తను ఇప్పుడు అరిచింది.

కోపం ఎటు పోయిందో తెలియలేదు. కళ్ళు మాత్రం నిండాయి. ముక్కు తుడుచుకుని, జరిగింది చెప్పింది, తిట్టినట్టు కాకుండా, పనివాళ్ళు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నట్టు.

"అంటే తడి తగిలిందంటావు," అంది అచ్చాయమ్మ.

"అవునండి. తడి, దాంతో పసుపూ."

అచ్చాయమ్మ తన వేలి వంక చూసుకుంది.

"నువ్వు ఒక్క దొంతర ముట్టుకుంటే నాలుగు రోజులు తిట్టాను. నేను ఎనభై ముట్టుకున్నాను. ఏం తిడతావో తిట్టుకో."

"తర్వాత తిడతానండి. పన్నెండున్నరకి బస్సుంది."

అచ్చాయమ్మ లేచింది. మండుతున్న కొబ్బరాకు బయటికి లాగి నీళ్ళు చల్లింది. తీసిన నాలుగు రేకులూ అలాగే వదిలేసింది. "కడిగితే పోద్దా?"

"కడక్కూడదు. పెన్సిల్ తుడిచే రబ్బరుతో రుద్ది, స్పిరిట్‌తో తుడవాలి. మెల్లిగా రుద్దాలండి, గట్టిగా అంటే పూత లేచిపోద్ది."

"మెల్లిగా రుద్దడం నువ్వు నాకు చెప్పాలా? ఒరే భాస్కరం, ఆ తాడు తర్వాత చూసుకుందువుగాని. బడి దగ్గర కొట్లో రబ్బర్లు తే. వాసన రబ్బర్లు కాదు, మామూలువి."

ముగ్గురూ పై గదిలో చాప వేసుకుని కూర్చున్నారు. భాస్కర్ స్క్రూలు విప్పి బోర్డు బయటికి తీశాడు. అచ్చాయమ్మ రబ్బరు పట్టింది. దుర్గ స్పిరిట్‌తో తుడిచి, యంత్రం లోపలి పళ్ళకి అంటిన పసుపు కూడా తీసేసి, ఒక్కోటీ పెట్టి చూసి బిగించింది. రేకు తీసే చెయ్యి కదా, అంచు మీద గీత పడకుండా పసుపు మాత్రమే లేచి వస్తుంటే దుర్గ పని ఆపి చూసింది. ఇంత పల్చటి చెయ్యి తన నాన్నకి కూడా లేదు. నిజం చెప్పడానికి మొహమాటం దేనికని, ఆ మాటే పైకి అంది. అచ్చాయమ్మ తల ఎత్తలేదు గానీ రుద్దడం ఇంకాస్త వేగం పెంచింది.

భాస్కర్‌కి మొదట్లోనే చిన్నతనం గుర్తొచ్చింది. ఒక క్యాసెట్ ఆడకపోతే నోటి దగ్గర పెట్టుకుని ఫూమని ఊదాడు. తల్లి చేతి మీద ఒక్కటిచ్చింది.

"ఊదకు. నోటి తడి తగులుద్ది. ఎన్నిసార్లు చెప్పాలి?"

"నువ్వెప్పుడు చెప్పావే?"

"ఇప్పుడు చెప్తున్నాగా."

దుర్గ పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే మొదటి క్యాసెట్ ఆడింది. టీవీ మీద వరద గోదారి, నడి ఏటి లంకలో చిక్కుకున్న పశువులు, వాటిని ఒడ్డుకి చేర్చే చిన్న పడవ. ఆట రాసింది మైసూరు వాళ్ళే అయినా ఆ వరద సంగతి వాళ్ళకి చెప్పింది దుర్గ. మూడేళ్ళలో అచ్చాయమ్మ ఆ టీవీ వంక చూడటం అదే మొదలు. రబ్బరు చేతిలోనే ఉండిపోయింది.

"ముందు దూడనెక్కించావేంటి? ఆవునెక్కించు. దూడ దానెనకాలే వస్తుంది."

దుర్గ ఆవునెక్కించింది. దూడ వెనకాలే ఈదుకుంటూ వచ్చింది. ఆటలో ఆ కిటుకు పెట్టిన సంగతి కొన్నవాళ్ళు ఎప్పటికో కనిపెట్టాలని దుర్గా అన్నదమ్ములూ అనుకున్నారు. అచ్చాయమ్మకి ఒక్క నిమిషం పట్టలేదు.

పన్నెండు కాకముందే ఎనభయ్యోది ఆడింది. భాస్కర్ అట్టపెట్టె కట్టి, రేకుల పెట్టెలు ఎక్కడ పెట్టాలో ఇప్పుడే తేల్చమన్నాడు. అచ్చాయమ్మ క్షణం ఆలోచించలేదు, నీ మంచం కింద అంది.

ఆటో గుమ్మంలో ఆగింది. పెట్టె ఎత్తబోతున్న భర్తని దుర్గ ఆపి లోపలికి వెళ్ళింది. పసుపు గిన్నె తెచ్చి అత్త ముందు పెట్టింది.

"వద్దమ్మా," అంది అచ్చాయమ్మ. "తడిది."

"పెట్టె మీదేగా అత్తయ్యా. పెట్టండి. కుంకం కూడా పెట్టండి, ఎర్రగా కనపడాలి."

అచ్చాయమ్మ పెట్టింది. బొట్టు కొంచెం పక్కకి పోయింది. ఆటో కదిలి వీధి మలుపు తిరిగేదాకా అత్తా కోడలూ గుమ్మంలోనే నిలబడ్డారు.

లోపల ఫోన్ మోగింది. రాజమండ్రి నుంచి ఎవరో రేకుల కోసం. దుర్గ చల్లారిన కొబ్బరాకు ఎత్తి పోస్తూ వింది.

"ఇవాళ లేవండి, కుండ దించేశాను," అంటోంది అచ్చాయమ్మ. "ఒంట్లో బాగానే ఉందండి. పొద్దుటినుంచీ మా కోడలి దగ్గర పనిలో ఉన్నాను."